పాత గర్వం, కొత్త పశ్చాత్తాపం

మన కళాశాలల్లో నడిచే ఫిల్మ్ క్లబ్బుల్లో ఈమధ్య ఒక ఆచారం ఏర్పడింది. ఒక వారం పాత వెస్టర్న్ చిత్రం వేస్తారు, మరుసటి వారం కొత్తది వేస్తారు. వెస్టర్న్ అంటే పాశ్చాత్య చిత్రం అని అర్థం కాదు. పంధొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు అమెరికా పడమటి మైదానాలను ఆక్రమించుకున్న కాలానికి చెందిన గుర్రాల కథ, తుపాకుల కథ. రెండు చిత్రాలూ చూసిన తర్వాత పోల్చి చర్చిస్తారు. చర్చ అని పేరేగాని జరిగేది తీర్పు చెప్పటం. ఆ తీర్పు కూడా చిత్రాలు చూడకముందే తయారుగా ఉంటుంది. పాత చిత్రం ఆదివాసులను రాక్షసులుగా చూపింది, తుపాకిని పూజించింది, కనక అది అభివృద్ధి నిరోధకం. కొత్త చిత్రం చేసిన పాపం ఒప్పుకున్నది, ఆదివాసుల భాషకు చోటిచ్చింది, కనక అది అభ్యుదయకరం. విద్యార్థులు తలలు ఊపుతారు. ఉపాధ్యాయులు తృప్తిగా లేచి వెళ్తారు.

ఈ తీర్పుకు ఎదురు చెప్పేవాళ్ళు లేకపోలేదు. జాన్ ఫోర్డ్ మాన్యుమెంట్ వాలీలో కెమెరా ఎక్కడ పెట్టాడో చూడమంటారు వాళ్ళు. ఆ ఆకాశాన్ని చూడమంటారు, ఆ దుమ్మును చూడమంటారు, రాజకీయాలు తెచ్చి కళను పాడు చెయ్యవద్దంటారు. వీళ్ళతో మన పేచీ చాలా పాతది. దాన్ని ఇక్కడ మళ్ళీ విప్పనవసరం లేదు. ఈ వ్యాసం మొదటి పక్షం వారిని ఉద్దేశించినది. వాళ్ళు మనవాళ్ళు. అభ్యుదయం పేరుతో వాళ్ళు చెప్పే తీర్పులో అభ్యుదయ దృష్టికి ప్రాణమైన ప్రశ్నే జారిపోతున్నది. అందుకని ఈ మాట కాస్త గట్టిగానే చెప్పవలసి ఉన్నది.

వాళ్ళు చేస్తున్నదేమిటి? చిత్రం విడుదలైన సంవత్సరం చూసి మార్కులు వేస్తున్నారు. కాలం ముందుకు పోయింది కనక కళ కూడా దానివెంట ముందుకు పోయి ఉంటుందని నమ్ముతున్నారు. దీన్ని చారిత్రక దృష్టి అనుకుంటే పొరపాటు. ఏ కాలంలోనైనా రెండు శక్తులు పెనుగులాడుతుంటాయనీ, ఆ పెనుగులాట కళలోకి కూడా వస్తుందనీ చెప్పేది చారిత్రక దృష్టి. పంచాంగం చూసి పాతదంతా చెడ్డ, కొత్తదంతా మంచి అనేవాడికీ, పాతదంతా బంగారం అనేవాడికీ పద్ధతిలో తేడా లేదు.

వెస్టర్న్ చిత్రాన్ని అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ కథ జరిగే నేల ఎవరిది? అది ఇప్పుడున్నవాడి చేతికి ఎలా వచ్చింది? దానిమీద ఒళ్ళువంచేది ఎవరు? కథ ముగిసేసరికి అది ఎవరి చేతిలో మిగిలింది? ఈ నాలుగు ప్రశ్నలూ వేసి చూస్తే పాత కొత్త అనే గోడ నిలవదు. కొన్ని పాత చిత్రాలు మనం అనుకున్నదానికంటే ఎక్కువ నిజం చెబుతాయి. కొన్ని కొత్త చిత్రాలు కన్నీళ్ళు కారుస్తూనే అసలు సంగతి దాస్తాయి.

ముందు చరిత్ర కొంచెం చూద్దాం. కౌబాయ్ అనే మాటకు సరైన తెలుగు పసులకాపరి. కామందుకున్న వేల పశువులను నెలజీతానికి వందల మైళ్ళు తోలుకుపోయే కూలివాడు అతడు. ఈ కాపరుల్లో నలుగురికొకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. మెక్సికన్లు కూడా చాలామంది. 1883లో టెక్సాస్ ఉత్తరప్రాంతపు పెద్ద పశుక్షేత్రాల్లో ఈ కాపరులు సమ్మె చేశారు. వాళ్ళకు వచ్చే జీతం నెలకు 25 నుంచి 40 డాలర్లు; వాళ్ళు అడిగింది 50. యజమానులు వాళ్ళను పనిలోంచి తీసేసి వేరేవాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె ఓడిపోయింది. పేరుమోసిన పాత చిత్రాల్లోగాని, బహుమతులు పొందిన కొత్త చిత్రాల్లోగాని ఆ సమ్మె కథ నాకు ఎక్కడా తగల్లేదు. తెరమీది కౌబాయ్‌కి టోపీ ఉంటుంది, తుపాకి ఉంటుంది, గుర్రం ఉంటుంది. జీతం మాత్రం ఉండదు. ఈ విషయంలో పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ఒక్కటే.

ఇక భూమి సంగతి. 1862లో అమెరికా ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. ఒకటి హోమ్‌స్టెడ్ చట్టం: అయిదేళ్ళు సాగుచేసిన కుటుంబానికి 160 ఎకరాలు. ఇది అందరికీ తెలుసు, పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. రెండవది పసిఫిక్ రైల్వే చట్టం. దానితోనూ, దానికి ముందూ వెనకా వచ్చిన అలాంటి చట్టాలతోనూ రైలు కంపెనీలకు దాదాపు 13 కోట్ల ఎకరాలు దక్కాయి. 1887లో డాస్ చట్టం వచ్చింది. ఆదివాసుల ఉమ్మడి భూమిని ముక్కలుచేసి కుటుంబానికింత అని పంచి, మిగిలినదాన్ని మిగులు భూమి అని పేరుపెట్టి బయటివాళ్ళకు తెరిచారు. 1887లో వాళ్ళ చేతిలో ఉన్నది 13.8 కోట్ల ఎకరాలు. 1934 నాటికి మిగిలింది 4.8 కోట్లు. ఇంత భూమి పోవటానికి తుపాకులెంత పనిచేశాయో దస్తావేజులు కూడా అంత పనిచేశాయి. పంచాయితీ అంతా తుపాకిమీద పెట్టి దస్తావేజును వదిలేసే చిత్రం ఏ సంవత్సరానిదైనా సరే, సగం నిజమే చెబుతుంది.

ఇప్పుడు చిత్రాలకు వద్దాం. హోవర్డ్ హాక్స్ తీసిన ‘రెడ్ రివర్’ 1948 నాటిది. నాయకుడు జాన్ వేన్. మన మిత్రులకు ఆ పేరు వింటేనే వొళ్ళుమంట; అందుకు తగిన కారణాలూ ఉన్నాయి. ఆ చిత్రం మొదట్లో డన్సన్ అనే అతను టెక్సాస్ చేరి, చూపు ఆనినంత మేర ఉన్న భూమి తనదేనంటాడు. మెక్సికన్ జమీందారు మనుషులు ఇద్దరు వచ్చి, ఈ భూమి స్పెయిన్ రాజు మా దొరకు ఇచ్చిన ఇనాం అంటారు. అయితే మీ దొర కూడా అంతకుముందున్నవాళ్ళ దగ్గర, బహుశా ఆదివాసుల దగ్గర, లాక్కున్నదేగా, ఇప్పుడు నేను లాక్కుంటున్నానని డన్సన్ జవాబు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి కాల్చి, పూడ్చి, బైబిలు చదువుతాడు. తర్వాత పద్నాలుగేళ్ళకు అతను పెద్ద కామందు.

ఆస్తి ఎలా పుడుతుందో ఇంత సూటిగా చెప్పిన చిత్రాలు ఎన్ని ఉన్నాయి? హాక్స్‌కి మన దృష్టి ఏమీ లేదు. అతను డన్సన్‌ని నిందించటం లేదు. కొంతవరకు మెచ్చుకుంటున్నాడు కూడా. కాని గర్వంతో చెప్పినా చెప్పింది నిజం. చిత్రం ఇంకో అడుగు వేసింది. పశువులను ఉత్తరానికి తోలుకుపోయే దారిలో, తిండి చాలక, నిద్ర లేక కాపరులు ఎదురు తిరుగుతారు. పని మానుకుని పోయినవాళ్ళను పట్టి తెప్పించి ఉరితీస్తానంటాడు డన్సన్. ఒప్పుకుని సంతకం పెట్టారు కనక పని ముగిసేదాకా వాళ్ళు తన సొత్తు అన్నట్టు మాట్లాడతాడు. అక్కడ తిరుగుబాటు వస్తుంది. ఆ తర్వాత చిత్రం బెదిరిపోయింది. కూలీల తిరుగుబాటు పెంపుడు తండ్రికీ కొడుక్కీ మధ్య తగాదాగా మారుతుంది. చివరికి ఇద్దరూ రాజీపడి, పశువులమీద వేసే ముద్రలో కొడుకు పేరులోని అక్షరం కూడా చేరుతుంది. జీతాల తగాదా వారసత్వంతో తీరిపోయింది. విద్యార్థికి చూపవలసిన చోటు ఇదీ. నిజం ఎక్కడిదాకా వచ్చింది, ఏ గీత దగ్గర ఆగింది, ఆ గీత ఎవరి ప్రయోజనం కోసం గీసినది? “ఇది జాత్యహంకార చిత్రం” అని ఒక్క మాట అనేసి లేచిపోయేవాడికి ఇవేవీ కనిపించవు.

దీనికి ఎదురుగా మన క్లబ్బుల్లో సాధారణంగా నిలబెట్టేది 1990లో వచ్చిన ‘డాన్సెస్ విత్ వుల్వ్స్’. కెవిన్ కాస్ట్నర్ తీసి, తానే నాయకుడుగా నటించాడు. ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఆ చిత్రానికి ఉన్న గొప్ప కాదనను. 1956 నాటి ‘ది సెర్చర్స్’లో కొమాంచీ నాయకుడి పాత్ర వేసినవాడు జర్మనీలో పుట్టిన తెల్లనటుడు. ఫోర్డ్ చిత్రాల్లో కొమాంచీలుగా, అపాచీలుగా కనిపించే గుంపులు నిజానికి నవాహోలు. ఎవరైతేనేం ఆదివాసులే కదా అన్న నిర్లక్ష్యం అది. కాస్ట్నర్ చిత్రంలో ఆదివాసుల పాత్రలు ఆదివాసులే వేశారు, లకోటా భాష మాట్లాడారు, నవ్వారు, చమత్కారాలాడారు. అవమానం అవమానమే, గౌరవం గౌరవమే. ఈ తేడాను చిన్నది చెయ్యటం నా ఉద్దేశం కాదు.

కాని మన నాలుగు ప్రశ్నలూ వేద్దాం. ఈ చిత్రంలో పాపం చేసేది ఎవరు? మురికిగా, మొరటుగా, సగం పిచ్చిగా ఉండే సైనికులు. ఆ సైనికుల వెనక రైలు కంపెనీ ఉన్నదా? లేదు. భూమి బేరగాడు ఉన్నాడా? లేడు. ఆ నేలను దున్నుకుని పట్టా పుచ్చుకుని, మనవలకు ఇచ్చిపోయిన గౌరవనీయుడైన రైతు ఉన్నాడా? అతనూ లేడు. బూటుకాలి సిపాయి మాత్రం తెరనిండా ఉన్నాడు. హాలులో కూచున్న అమెరికన్ ప్రేక్షకుడు ఆ సిపాయిని అసహ్యించుకుని, తాను నివసించే ఇల్లు ఏ నేలమీద ఉన్నదో ఆలోచించకుండా బయటికి రావచ్చు. ఇంతేకాదు. పాత చిత్రాల్లో ఆదివాసులందరికీ ఉండే క్రూరుడి వేషం ఇందులో పానీ తెగవారికి మాత్రం కేటాయించారు. నాయకుడు ప్రేమించిన స్త్రీ లకోటాల మధ్య పెరిగిన తెల్లపిల్ల. చివరికి నాయకుడు వెళ్ళిపోతాడు; పదమూడేళ్ళ తర్వాత ఆ జాతి లొంగిపోయిందని తెరమీద అక్షరాలు పడతాయి. ఎలా, ఎవరికోసం, ఏ చట్టం కింద? ఆ ప్రశ్న రాకుండా సంగీతం వినిపిస్తుంది. 1948లో డన్సన్ లాక్కున్నానని చెప్పాడు. 1990లో లాక్కున్నవాడే కనిపించడు. విచారించేవాడు మాత్రం కనిపిస్తాడు.

రెండు చిత్రాలు ఒకే సంఘటనను ఆధారం చేసుకున్నప్పుడు ఈ పోలిక ఇంకా స్పష్టమవుతుంది. 1892లో వయోమింగ్ రాష్ట్రంలో జాన్సన్ కౌంటీ యుద్ధమని ఒకటి జరిగింది. అక్కడి పెద్ద కామందుల సంఘం, చిన్నరైతులు తమ పశువులను దొంగిలిస్తున్నారని ఆరోపించి, చంపవలసినవాళ్ళ జాబితా రాసుకుని, టెక్సాస్ నుంచి కిరాయి తుపాకిగాళ్ళను తెప్పించింది. వాళ్ళూ వీళ్ళూ కలిసి సుమారు యాభైమంది ప్రత్యేక రైలెక్కి వచ్చారు. ఇద్దరిని చంపారు. ఈలోగా వార్త పొక్కి రెండువందలకు పైగా స్థానికులు తుపాకులు పట్టుకుని ఆ కిరాయిమూకను ఒక పశుక్షేత్రంలో చుట్టుముట్టారు. అప్పుడు అధ్యక్షుడు హారిసన్ సైన్యాన్ని పంపాడు, కిరాయిమూకను కాపాడటానికి! వాళ్ళలో ఒక్కరికీ శిక్ష పడలేదు. రాజ్యమంటే ఏమిటో విద్యార్థికి బోధించటానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

1953లో జార్జ్ స్టీవెన్స్ తీసిన ‘షేన్’ ఈ రకం తగాదా గురించే. అందులో సంఘం లేదు, రైలు లేదు, అధ్యక్షుడు లేడు, సైన్యం లేదు. రైకర్ అనే ఒక కామందూ, అతని తమ్ముడూ, ఒక కిరాయి హంతకుడూ ఉన్నారు. ఈ నేలను ఆదివాసుల నుంచి గెలిచింది మేము, మీరు ఇప్పుడొచ్చి కంచెలు వేస్తారా అని రైకర్ అడుగుతాడు. మీకంటే ముందు వలలుపట్టే వేటగాళ్ళున్నారు, ఆదివాసులతో వర్తకం చేసేవాళ్ళున్నారు అని జవాబు చెబుతాడు రైతు స్టారెట్. గమనించండి: ఆదివాసులతో బేరం చేసినవాడు జ్ఞాపకం వచ్చాడుగాని ఆదివాసి జ్ఞాపకం రాలేదు. ఇద్దరు ఆక్రమణదారులు మూడోవాడి పొలంలో గట్టు తగాదా పడుతున్నారు. అయితే ఇదే చిత్రంలో రైతుల సమావేశాలున్నాయి. ఒకడి ఇల్లు తగలబడితే అంతా కలిసి మళ్ళీ కట్టుకుందామని పూనుకోవటం ఉన్నది. ఈ రైతులను కూడగట్టినవాడు స్టారెట్. పోరాటానికి అతను బయలుదేరబోతే షేన్ అతనితో కలియబడి, తుపాకి మడమతో కొట్టి, స్పృహ తప్పించి తాను వెళ్తాడు. ఒంటరి వీరుడు రంగంమీదికి రావాలంటే సంఘాన్ని కూడగట్టినవాడు నేలమీద పడి ఉండాలి! దర్శకుడు అనుకుని చేశాడో లేదో గాని, వెస్టర్న్ కథానిర్మాణ రహస్యమంతా ఆ ఒక్క దెబ్బలో ఉన్నది.

ఇరవై ఏడేళ్ళ తర్వాత, 1980లో మైకేల్ చిమినో ‘హెవెన్స్ గేట్’ తీశాడు. ఇందులో జాన్సన్ కౌంటీ పేరుపెట్టే చూపాడు. కామందుల సంఘం సమావేశమై 125 మందిని చంపాలని తీర్మానిస్తుంది. తూర్పు ఐరోపానుంచి వచ్చిన పేద వలసజనం హాలులో గుమిగూడి, వాదించుకుని, పోరాడాలని నిర్ణయిస్తారు. హంతకులు చిక్కుకున్న సమయానికి అశ్వికదళం వస్తుంది, వాళ్ళను రక్షించటానికి. 1939 నాటి ఫోర్డ్ చిత్రం ‘స్టేజ్‌కోచ్’లో ఆ అశ్వికదళపు బాకా వినగానే ప్రేక్షకుడికి ప్రాణం లేచివచ్చింది. ఇక్కడ అదే దళం వస్తే గుండె జారిపోతుంది. ఈ గొప్పతనం ‘హెవెన్స్ గేట్’దే, దాన్ని ఎవరూ కాదనలేరు.

అయితే ఆ చిత్రానికి నాయకుడు ఎవరు? హార్వర్డ్‌లో చదివిన ధనవంతుడు ఎవరిల్. నిజమైన ఎవరెల్ చిన్న దుకాణమూ తపాలా కార్యాలయమూ నడుపుకునే రైతు. అతణ్ణీ, ఎల్లా వాట్సన్ అనే స్త్రీనీ 1889లోనే, ఆ యుద్ధానికి మూడేళ్ళ ముందు, కామందులు ఉరితీశారు. చిమినో ఆ చిన్నరైతును తీసేసి ఆ స్థానంలో పెద్దింటి బిడ్డను కూచోబెట్టాడు. చిత్రం హార్వర్డ్ నాట్యంతో మొదలై, అతని విలాసనౌకమీద అతని విచారంతో ముగుస్తుంది. వలసజనం అరుస్తారు, పోట్లాడతారు, చస్తారు. వాళ్ళలో ఎంతమంది పేర్లు మనకు గుర్తుంటాయి? వాళ్ళ చావుకు అర్థం ఆ పెద్దమనిషి మనసు విరగటంలో వెతుక్కోవలసి వస్తుంది. షేన్ పోయి ఎవరిల్ వచ్చాడు, నాయకుడి పీఠం అలాగే ఉన్నది. ఆ చిత్రానికి 4 కోట్ల 40 లక్షల డాలర్లు ఖర్చయి, దానిలో పదోవంతు కూడా అమెరికాలో రాలేదు; తీసిన కంపెనీ మరుసటి సంవత్సరం అమ్ముడైపోయింది. దర్శకుడి దుబారా కారణం కాకపోలేదు. కాని అప్పటినుంచి వర్గపోరాటాన్ని పేరుపెట్టి చూపే పెద్ద వెస్టర్న్ తియ్యటానికి ఉత్సాహపడిన కంపెనీలు అరుదు. పశ్చాత్తాపానికి మార్కెట్టు ఉన్నది.

పాత కాలమంతా ఒకే ముద్ద అనుకునేవాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. 1950లో వచ్చిన ‘బ్రోకెన్ ఆరో’ అపాచీ నాయకుడు కొచీస్‌ను వివేకం గల మనిషిగా చూపింది. రాసినవాడు ఆల్బర్ట్ మాల్ట్జ్, కమ్యూనిస్టు అన్న కారణంగా జైలుకు పోయిన ‘హాలీవుడ్ పదిమంది’లో ఒకడు. తెరమీద అతని పేరు లేదు, స్నేహితుడి పేరు ఉన్నది. మాల్ట్జ్ పేరు చేర్చటానికి దశాబ్దాలు పట్టింది. 1952 నాటి ‘హై నూన్’ రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను ఆ చిత్రం తయారవుతుండగానే కాంగ్రెసు విచారణ సంఘం పిలిచింది. సహచరుల పేర్లు చెప్పనన్నాడు. దేశం విడిచి ఇంగ్లండు పోవలసి వచ్చింది. ఫోర్‌మన్‌ను వెళ్ళగొట్టటంలో తనకు చెయ్యి ఉన్నందుకు విచారం లేదని జాన్ వేన్ 1971లో కూడా అన్నాడు. ‘హై నూన్’కు జవాబుగానే హాక్స్, వేన్ కలిసి 1959లో ‘రియో బ్రావో’ తీశారు. చూశారా? 1950ల వెస్టర్న్ ఒక యుద్ధరంగం. అందులో మనవాళ్ళు కూడా ఉన్నారు, దెబ్బలు తిన్నారు, పేర్లు పోగొట్టుకున్నారు. పాతదంతా చెత్త అనే తీర్పు వాళ్ళను వెళ్ళగొట్టినవాళ్ళ పక్కనే వాళ్ళనూ పూడ్చిపెడుతుంది.

మనవాడు రాశాడు కనక ‘హై నూన్’ను నెత్తిన పెట్టుకోమనటం లేదు. ఆ చిత్రంలో ఊరిజనమంతా పిరికివాళ్ళు, ఒక్కడే ధీరుడు. బెదిరిపోయిన మిత్రులను చూసి ఫోర్‌మన్‌కు కలిగిన చేదు అందులో ఉన్నది. ఆ చేదు మనకు అర్థమవుతుంది. కాని ప్రజలమీద నమ్మకం పోయిన చోట అభ్యుదయం ఎంతదూరం నడుస్తుందనే ప్రశ్న విద్యార్థి అడగాలి. రచయిత పడ్డ కష్టం అతని రచనను విమర్శనుంచి తప్పించదు.

అలాగే కొత్త చిత్రాలన్నిటినీ ఒకే గాటకట్టటం లేదు. 2023లో స్కోర్సేసీ తీసిన ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ దస్తావేజు జోలికి వెళ్ళింది. ఓక్లహోమాలో ఓసేజ్ తెగవారి నేలకింద నూనె పడితే, ఆ ఆదాయపు వాటాల కోసం 1920లలో వాళ్ళ ఆడపిల్లలను పెళ్ళాడి, వారసత్వం కలిసివచ్చేలా ఒక్కొక్కరినే చంపారు. సొంత డబ్బు తీసుకోవటానికి మోలీ అనే స్త్రీ తెల్ల సంరక్షకుడి ఎదుట కూచుని, తాను అసమర్థురాలినని చెప్పుకోవలసి రావటం ఆ చిత్రంలో చూస్తాం. పెళ్ళీ, కోర్టూ, బాంకూ కలిసి హత్య చేస్తాయని చూపిన వెస్టర్న్ ఇది. అయినా కథ మోలీది కాలేదు, ఆమెకు విషమెక్కించే మొగుడిదయింది. ఓసేజ్ భాష నేర్పిన సలహాదారుల్లోనే ఒకరు ఈ మాట బాహాటంగా అన్నారు. గౌరవంగా చూపటం ఒకటి, కథ చేతికివ్వటం ఇంకొకటి.

నన్నడిగితే కొత్తవాటిలో ముందు చూపవలసింది కెల్లీ రైకార్ట్ తీసిన ‘ఫస్ట్ కౌ’, 2019. 1820లలో ఆరెగన్. ఆ ప్రాంతానికంతటికీ ఒకటే ఆవు, అది కంపెనీ అధికారిది. ఒక వంటవాడూ, ఒక చైనా అతనూ రాత్రిపూట ఆ ఆవు పాలు దొంగతనంగా పితికి, పిండివంట చేసి, పొద్దున్నే అంగట్లో అమ్ముతారు. ఆ అధికారే వచ్చి కొనుక్కుని, లొట్టలు వేసుకుంటూ తింటాడు. పేదవాడికి పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది, దొంగతనమైనా చెయ్యాలి, అద్భుతమైనా జరగాలి అని వాళ్ళు మాట్లాడుకుంటారు. వీరుడు లేడు, బాకా లేదు, పశ్చాత్తాపం కూడా లేదు. పాల చెంబు చుట్టూ పెట్టుబడిదారీ విధానం పుట్టుక అంతా ఉన్నది. ఇది మంచి చిత్రం కావటానికి 2019 కారణం కాదు. 2019లో వచ్చిన చిత్రాల్లో చాలా వాటికి ఈ చూపు లేదు.

ఇదంతా అమెరికావాళ్ళ గొడవ, మనకెందుకు అనేవాళ్ళుంటారు. మనకూ ఒక వాటా ఉన్నది. 1971లో కృష్ణ నాయకుడుగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. కథా మాటలూ రాసినవాడు ఆరుద్ర, అభ్యుదయ కవిత్వంలో పెద్దపేరు. ఇటలీలో లియోనీ తీసిన వెస్టర్న్‌ల చూపులు, టోపీలు, గుర్రాలు అందులోకి వచ్చాయి. నిధివేట కథ వచ్చింది. జనం వినోదించారు, అందులో తప్పేమీ లేదు. రానిది ఒక్కటే, భూమి ప్రశ్న. ఆ ప్రశ్న అప్పుడు మన ఇంట్లోనే మండుతున్నది. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన పోరాటం జరిగిన కాలం అది. ఆ చిత్రానికి ముందు సంవత్సరమే, 1970లో, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1/70 చట్టం వచ్చింది. డాస్ చట్టానికి సరిగ్గా ఎదురుదిశలో నడవాలని చేసిన చట్టం. అయినా అప్పులకింద, బినామీ పేర్లకింద గిరిజనుల చేతిలోని భూమి జారిపోతూనే వచ్చింది.

అదే కృష్ణ 1974లో ‘అల్లూరి సీతారామరాజు’లో నటించాడు. 1882 అటవీ చట్టం పోడును అరికట్టటం మొదలు, ఏజెన్సీ కడుపుమంట 1922లో ఎలా పితూరీ అయిందో మనకు తెలుసు. రామరాజు చరిత్రలోనే నాయకుడు, సినిమా కల్పించినవాడు కాడు. అయితే గాం గంటందొర, గాం మల్లుదొర గురించి మన విద్యార్థులకు ఎంత తెలుసు? వాళ్ళను నడిమధ్య నిలిపి తెలుగులో ఎన్ని చిత్రాలు వచ్చాయి? లకోటాల కథకు తెల్ల లెఫ్టినెంటు ఎందుకని నవ్వే మనం ఈ ప్రశ్న దగ్గర నవ్వటం మానాలి. లకోటాల కోసం కళ్ళు తుడుచుకుని, కోయల భూమి ఎవరి పేరున ఉన్నదో అడగకుండా ఇంటికి పోయే ప్రేక్షకుడికీ, కాస్ట్నర్ చిత్రం చూసి తృప్తిపడిన అమెరికన్‌కీ మధ్య సముద్రాలే అడ్డం, మనస్తత్వంలో తేడా లేదు.

కనక ఫిల్మ్ క్లబ్బులు నడిపే మిత్రులకు నా సూచన ఇది. పాతా కొత్తా జతచెయ్యండి, కాని విడుదలైన తేదీలను బట్టి చెయ్యకండి. ‘షేన్’, ‘హెవెన్స్ గేట్’ పక్కపక్కన వేసి, ఆ రెంటి నడుమ 1892లో నిజంగా జరిగింది గంటసేపు చెప్పండి. ‘రెడ్ రివర్’ పక్కన ‘ఫస్ట్ కౌ’ వేసి, పశువు ఎవరిది, పాలు ఎవరివి అని అడగండి. చర్చకు ముందు తీర్పు చెప్పే ఉపన్యాసం మానెయ్యండి. భూమి ఎవరిది, ఎలా వచ్చింది, కష్టం ఎవరిది, చివరికి మిగిలింది ఎవరికి అనే నాలుగు ప్రశ్నలూ నల్లబల్లమీద రాసి, జవాబులు విద్యార్థులనే వెతకనివ్వండి. ఆ జవాబులు ఒకదానికొకటి పొసగకపోవచ్చు. పొసగనివ్వండి, లేదా పోట్లాడుకోనివ్వండి. ఆ తర్వాతి వారం తెర ఎత్తకుండా, అదే నాలుగు ప్రశ్నలతో మన జిల్లా ఏజెన్సీ భూముల కథ చదివించండి. అమెరికా పడమటి మైదానం అప్పుడు వాళ్ళకు నిజంగా అర్థమవుతుంది.